ఆపి ఉంచిన మిషన్ కూడా బీపీ తగ్గించింది

బీపీకి ఒంట్లో మిషన్ పెట్టే వైద్యం గురించి ఈమధ్య మా కౌంటర్ దగ్గర తరచుగా అడుగుతున్నారు. అనంతపురం సాయినగర్‌లో ఆస్పత్రులు ఎక్కువ, వాటి చుట్టూ మందుల షాపులు ఇంకా ఎక్కువ. వాటిలో ఒకటి నాది. ఎవరికో వాట్సాప్‌లో వీడియో వస్తుంది. ఛాతీ మీద చర్మం కింద ఒక చిన్న డబ్బా, అక్కడి నుంచి మెడ దాకా ఒక తీగ, పక్కన నవ్వుతూ ఒక తెల్లాయన. ఫోన్ నా ముందు పెట్టి, "ఇంగ మాత్రలు మింగే పనే ల్యాదంట గదప్పా, నిజమేనా?" అంటారు. నేను జవాబు మొదలుపెడితే వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ మిషన్లు మోసం కాదు, వాటి వెనక అసలైన సైన్సు ఉంది. కానీ మా దగ్గర మిషన్ అడిగేవాళ్లలో చాలామందిది మాత్రలకు లొంగని బీపీ కాదు. ఎవరూ సరిగ్గా చూడని బీపీ. కోసే వైద్యానికి లక్షలు ఇచ్చి, కూచోబెట్టి చూసే వైద్యానికి పైసా ఇవ్వని పద్ధతి మారనంతవరకు ఏ మిషన్ వచ్చినా అది ముందు తప్పుడు మనిషి ఒంట్లోకే పోతుందని నా భయం.

మిషన్ ఏం చేస్తుందో చూద్దాం. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం మెడలో దవడ కింద రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర గోడ కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. రక్తం ఒత్తిడికి ఆ గోడ ఎంత సాగుతోందో కనిపెట్టే నరాల కొసలు అక్కడుంటాయి. ఎక్కువ సాగితే అవి మెదడుకు కబురు పంపుతాయి. మెదడు గుండె వేగం తగ్గిస్తుంది, రక్తనాళాలను వదులు చేయిస్తుంది, బీపీ దిగుతుంది. పడుకున్న మనిషి లేచి నిలబడినప్పుడు కళ్లు తిరిగి పడిపోకుండా కాపాడేది కూడా ఈ ఏర్పాటే. చిక్కేమిటంటే బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ నరాలు దానికి అలవాటు పడిపోతాయి. 160నే మామూలుగా లెక్కేసుకుంటాయి. మిషన్ ఆ నరాలకు కరెంటు ఇచ్చి, ఉన్నదానికన్నా ఒత్తిడి ఎక్కువుందని మెదడును నమ్మిస్తుంది. మెదడుకు చెప్పే అబద్ధం అన్నమాట, మన మంచి కోసం చెప్పేది.

ఆలోచన పాతదే. 1960లలోనే అమెరికాలో మెడలోని ఈ నరానికి కరెంటు పెట్టి చూశారు. అప్పటి పరికరాలు మొరటువి, ఈలోగా మంచి మాత్రలు వచ్చాయి, ఆ దారి మూతపడింది. అంతకుముందు మాత్రలే లేని కాలంలో వెన్నెముక పక్కనుండే నరాలను కోసేసేవారు. బీపీ తగ్గేది, మనిషి మాత్రం లేచి నిలబడితే తూలేవాడు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్‌లో చనిపోయిన రోజున ఆయన బీపీ 300/190. అంతటి మనిషికి కూడా ఇవ్వడానికి సరైన మాత్ర అప్పటికి లేదు. ఆ తర్వాత వచ్చిన తొలి మందుల్లో ఒకటి మన సర్పగంధి వేరు నుంచి వచ్చిందే. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని గురించి ఇంగ్లండు వైద్య పత్రికలో రాశాకే పడమటి దేశాలు అటు చూశాయి. కొన్ని రూపాయల ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్లను "ఇదేం పనిచేస్తాదిలే" అని పక్కన పడేసేవాళ్లను చూసినప్పుడల్లా ఈ కథ చెప్పాలనిపిస్తుంది. చెప్పను, వినేంత తీరిక ఎవరికీ ఉండదు.

ఇక అసలు పరీక్ష సంగతి. సీవీఆర్‌ఎక్స్ అనే అమెరికా కంపెనీ రియోస్ అనే మిషన్ తయారుచేసి, 265 మంది మీద పెద్ద పరీక్ష నడిపింది. ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. ఆ పరీక్ష చేసిన తీరు నాకు బాగా నచ్చింది. అందరికీ ఆపరేషన్ చేసి మిషన్ పెట్టారు. మూడింట రెండొంతుల మందికి మాత్రమే వెంటనే ఆన్ చేశారు. మిగతావాళ్లకు మొదటి ఆరు నెలలు ఆపే ఉంచారు. ఎవరి మిషన్ నడుస్తోందో రోగులకు తెలియదు. ఆరు నెలలకు లెక్క తీస్తే, మిషన్ నడిచినవాళ్లలో 54 శాతం మందికి పై బీపీ కనీసం 10 తగ్గింది. ఆపి ఉంచినవాళ్లలో 46 శాతం మందికి తగ్గింది.

ఈ 46 దగ్గర కాసేపు ఆగాలి. నడవని మిషన్ బీపీ ఎలా తగ్గించింది? ఇందులో కొంత లెక్కల మాయ ఉంది. బీపీ బాగా ఎక్కువున్న రోజు చూసి మనిషిని పరీక్షలోకి తీసుకుంటారు కాబట్టి, తర్వాత ఎప్పుడు చూసినా కొంత తగ్గే కనబడుతుంది. మిగతా కొంత, నా లెక్క ప్రకారం, ఆ మనుషుల్ని ఎవరో పట్టించుకోవడం వల్ల తగ్గింది. పదేపదే రమ్మన్నారు, నెమ్మదిగా కూచోబెట్టి బీపీ చూశారు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావని అడిగారు. మెడ కోయించుకున్నవాడు మాత్ర మరిచిపోడు. ఊరగాయ జాడీ వైపు చెయ్యి పోయేటప్పుడు ఒకసారి ఆలోచిస్తాడు. మిషన్ ఖరీదు తీసేస్తే మిగిలే ఈ వైద్యం అనంతపురంలో ఎంతమందికి అందుతోంది?

ఆ పరీక్షలో ఇంకో సంగతి కూడా బయటపడింది. దాదాపు నాలుగో వంతు మందికి ఆపరేషన్ తాలూకు ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, కొందరికి నరాలు దెబ్బతిన్నాయి. న్యాయంగా చెప్పాలంటే, మిషన్ నడిచాక ఏడాది దాకా తగ్గుదల నిలబడినవాళ్లు కూడా చాలామందే ఉన్నారు. కంపెనీ తర్వాత మిషన్‌ను చిన్నది చేసి, మెడలో ఒక వైపే తీగ పెట్టేలా మార్చి బారోస్టిమ్ అని పేరు పెట్టింది. 2019లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. అయితే ఆ అనుమతి గుండె బలహీనపడిన జబ్బుకు. బీపీకి కాదు. వాట్సాప్ వీడియోలో ఈ ముక్క ఎప్పుడూ ఉండదు.

మిగతా పరికరాల కథ కూడా కొంచెం ఇలాగే ఉంటుంది. రాక్స్ అనే కంపెనీ పేపర్ క్లిప్పంత తీగచుట్టను గజ్జల పైన ధమనికీ సిరకూ మధ్య పెట్టి, రెంటినీ కలిపేసింది. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న రక్తం కొంత అడ్డదారిన సిరలోకి పోతుంది, బీపీ వెంటనే పడుతుంది. 2015లో వచ్చిన ఫలితాల్లో పై బీపీ సగటున 27 దాకా తగ్గింది. నేను షాపులో అమ్మే ఏ ఒక్క మాత్రా అంత తగ్గించదు. కానీ పెట్టించుకున్నవాళ్లలో 29 శాతం మందికి ఆ వైపు సిర ఇరుకైపోయింది, మళ్లీ దానికి బెలూనో స్టెంటో వేయాల్సి వచ్చింది. పైగా ఆ పరీక్షలో ఉత్తుత్తి ఆపరేషన్ చేసిన గుంపు లేదు. తనకు కొత్త వైద్యం అందిందో లేదో ప్రతి రోగికీ తెలుసు. రియోస్‌లో ఆపి ఉంచిన మిషన్ సంగతి చూశాక, ఆ 27లో ఎంత తీగచుట్టది, ఎంత మనిషిది అని అడగకుండా ఎలా ఉంటాం?

కిడ్నీ నరాలను రక్తనాళం లోపలి నుంచి కాల్చే పద్ధతి కూడా ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చే పరీక్షకు నిలబడి కిందామీదా పడింది. అది ఒంట్లో ఏదీ వదిలిపెట్టదు కాబట్టి మిషన్ అనలేం, కానీ జనం రెంటినీ కలిపే అడుగుతారు. మొదటి పరీక్షల్లో అద్భుతం అన్నారు. 2014లో 535 మంది మీద, కొందరికి నిజంగా కాల్చి, కొందరికి యాంజియోగ్రామ్ మాత్రమే చేసి చూస్తే, కాల్చినవాళ్లకు 14 తగ్గింది, ఊరికే చూసినవాళ్లకు 12 తగ్గింది. కంపెనీలు మళ్లీ మొదటికి పోయి, పరికరం మార్చి, పద్ధతి మార్చి, ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చి చూపించాకే 2023 నవంబర్‌లో అమెరికాలో రెండు పరికరాలకు అనుమతి వచ్చింది. ఇప్పుడు తేలిన తగ్గుదల సుమారుగా ఇంకో మాత్ర కలిపినంత. అది తక్కువేం కాదు. కానీ "ఇంగ మాత్రలే ఉండవు" అనే మాటకు దానికి చాలా దూరం.

ఇప్పుడు మా ఊరికొద్దాం.

డాక్టర్లు మొండి బీపీ అనాలంటే ఒక లెక్క ఉంది. మూడు వేర్వేరు రకాల మాత్రలు, అందులో ఒకటి మూత్రం ఎక్కువ పోయించే నీళ్ల మాత్ర, సరైన మోతాదులో వేసుకుంటున్నా బీపీ దిగకపోవాలి. ఆ "వేసుకుంటున్నా" అన్న చోటే అంతా ఉంది. యూరప్‌లో మొండి బీపీ అని ముద్ర పడినవాళ్ల మూత్రంలో మందు ఉందా లేదా అని పరీక్షిస్తే, ఒక్కోచోట నాలుగో వంతు నుంచి సగం దాకా సరిగ్గా వేసుకోనివాళ్లే తేలారు. నాకు మూత్ర పరీక్ష అక్కర్లేదు, నా బిల్లు పుస్తకం చాలు. నెలకు ముప్పై బిళ్లలు కావాల్సిన మనిషి "ఐదు కత్తిరించియ్యప్పా" అంటాడు. మళ్లీ ఎప్పుడో కనిపిస్తాడు. ఎందుకు ఆపావంటే, "తల నొచ్చినప్పుడు ఏసుకుంటాండా" అంటాడు. బీపీ తలనొప్పిగా వస్తుందని, తలనొప్పి లేకపోతే బీపీ లేదని మా పల్లెల్లో గట్టి నమ్మకం. కాళ్లు వాచాయని ఒకరు, దగ్గు వస్తోందని ఒకరు తమంతట తామే మానేస్తారు. రెండూ ఆయా మాత్రలకు తెలిసిన చెడ్డ గుణాలే, ఒక్క మాట చెబితే డాక్టరు వేరే మాత్ర రాస్తారు. ఆ మాట చెప్పుకోవడానికే ఎవరికీ సందు దొరకదు.

దీనికన్నా నన్ను బాధపెట్టేది నొప్పుల బిళ్లలు. శనక్కాయ చేలో వంగి వంగి పనిచేసిన ఆడవాళ్లకు నలభై దాటితే మోకాళ్లు పోతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో రాస్తాడు. అవి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడతాయి, బీపీ పెంచుతాయి, బీపీ మాత్రల పనిని చెడగొడతాయి, ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలను తింటాయి. కళ్యాణదుర్గం నుంచో ఉరవకొండ నుంచో వచ్చిన అమ్మ ఒకే చీటీలో కాకపోయినా ఒకే సంచిలో రెండూ తీసుకుపోతుంది. బీపీ రాసిన డాక్టరుకు నొప్పుల బిళ్ల సంగతి తెలియదు. నొప్పుల బిళ్ల రాసినవాడు బీపీ చూడలేదు. ఆరు నెలల తర్వాత ఆమెది మొండి బీపీ అయిపోతుంది. కఫానికి మంచిదని రోజూ అతిమధురం చూర్ణం నాకేవాళ్లదీ ఇదే దారి. అతిమధురం ఎక్కువైతే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. నాటు మందు కదా, ఏం కాదులే అనుకుంటారు.

ఉప్పు గురించి పొడుగ్గా చెప్పను, అందరికీ తెలుసు, ఎవరూ వినరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే అంటుంది, అంటే ఒక టీస్పూనుకు మించకూడదు. మనం సంగటి మంచిదని గొప్పలు పోతాం, నిజమే, కానీ దాంతోపాటు ముద్దముద్దకూ నంజుకునే ఊరిమిండిలోనూ మిరపకాయ తొక్కులోనూ ఎంత పోతోందో లెక్కెయ్యం.

చూసే పద్ధతి ఇంకో కథ. పేషెంటు రెండో అంతస్తు మెట్లెక్కి వస్తాడు. నర్సమ్మ అతను ఇంకా కూచోకముందే చేతికి పట్టీ చుడుతుంది. బీపీ చూస్తూనే పేరు, ఊరు అడుగుతుంది. లావు చేతికీ సన్నని చేతికీ ఒకటే పట్టీ. అయిదు నిమిషాలు ఊరికే కూచోవాలి, మాట్లాడకూడదు, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, అంతకు అరగంట ముందు టీ, బీడీ ఉండకూడదు. ఇవేవీ పాటించకుండా వచ్చిన 170ని చూసి మాత్ర పెంచుతారు. అప్పుడు ఇంట్లో బీపీ పడిపోయి తూలుతాడు, మాత్ర మానేస్తాడు. 24 గంటలు చేతికి కట్టి ఉంచి పగలూ రాత్రీ బీపీ రాసుకునే చిన్న యంత్రం ఉంది. మొండి బీపీ అని తేల్చే ముందు అది తప్పనిసరిగా చేయాలని ప్రపంచంలో ఏ డాక్టరును అడిగినా చెబుతారు. మా పక్క ఎంతమందికి చేస్తున్నారో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ అయ్యాక కూడా దిగకపోతే, మిషన్ కన్నా ముందు ఇంకో మెట్టు ఉంది. స్పైరనోలాక్టోన్ అని పాత, చవక మాత్ర. మూడు మాత్రలకూ లొంగని బీపీకి నాలుగోదిగా ఏది కలిపితే మంచిదని ఇంగ్లండులో పరీక్ష చేసి 2015లో చెప్పారు. ఇదే గెలిచింది, ఉత్తుత్తి మాత్ర కన్నా దాదాపు 9 ఎక్కువ తగ్గించింది. పొటాషియం చూసుకుంటూ వాడాలి, కొందరు మగవాళ్లకు రొమ్ము వాస్తుంది. ఆ సంగతులు డాక్టరు చూసుకుంటారు. మొండి బీపీ అంటూ నా దగ్గరికొచ్చే చీటీల్లో ఈ పేరు ఎంత అరుదో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

నాకు తెలిసిన ఒక డాక్టరు గారితో ఈ మాటే అంటే ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు చెప్పేదంతా పుస్తకం. జనం బిళ్లలు వేసుకోరు, వేసుకోరంతే. ఇరవై ఏళ్లుగా చెబుతున్నా. మిషన్‌కు మరుపు లేదు, బద్ధకం లేదు, పండగ లేదు" అన్నారు. ఈ వాదనలో బలముందని నేను ఒప్పుకుంటాను. బీపీ ఏ నొప్పీ లేని జబ్బు. నొప్పిలేని జబ్బుకు బతికినన్నాళ్లూ రోజూ బిళ్ల వేసుకోమనడం మనిషి స్వభావానికి ఎదురీదడమే. కానీ రెండు విషయాలు అడ్డొస్తాయి. ఒకటి, ఈ పరీక్షల్లో మిషన్ పెట్టించుకున్నవాళ్లు కూడా మాత్రలు వాడుతూనే ఉన్నారు. మాత్రలకు తోడుగానే మిషన్. రెండోది, మిషన్‌కూ చాకిరీ ఉంటుంది. కరెంటు ఎంత ఇవ్వాలో మనిషి మనిషికీ సరిచేయాలి, కొన్నేళ్లకు బ్యాటరీ అయిపోతే మళ్లీ కోసి మార్చాలి, పుండు చీము పడితే తీసేయాలి. ఆ పని ఇక్కడ ఎవరు చేస్తారు? అనంతపురంలో గుండెకు ఏం వచ్చినా పుట్టపర్తి పెద్దాసుపత్రికో బెంగళూరు జయదేవకో పోవాల్సిందే అనుకునే జనం మనం. ఊళ్లోకి వచ్చిన 104 బండి దగ్గర మాత్రలు తీసుకోవడానికే కూలి పోతుందని రానివాడు, మిషన్ సరిచేయించుకోవడానికి బెంగళూరు బస్సెక్కుతాడా?

మిషన్ ఎవరికి, మరి? నిజంగా అవసరమైనవాళ్లు ఉన్నారు. కిడ్నీలు దెబ్బతిని ఆరేడు రకాల బిళ్లలు తప్పకుండా వేసుకుంటున్నా పైది 180 దిగని మనుషులు నా ఖాతాదారుల్లోనే ఉన్నారు. వాళ్లు చీటీ తప్పరు, ఉప్పు ముట్టరు. అలాంటివాళ్ల కోసం ఈ పరిశోధన సాగాలి, ఆపకూడదు. ఇంకో ముచ్చటైన దారి కూడా కనబడుతోంది. గుండె కొట్టుకోవడం కోసం పేస్‌మేకర్ ఎలాగూ పెట్టించుకునేవాళ్లలో బీపీ ఉన్నవాళ్లు చాలామంది. ఆ పేస్‌మేకర్‌లోనే కొత్త పద్ధతి ఒకటి ఎక్కిస్తే, గుండె పై గది, కింది గది కొట్టుకునే మధ్య వ్యవధిని మార్చి, గుండెలోకి నిండే రక్తాన్ని కొద్దిగా తగ్గించి బీపీ దించొచ్చు. 47 మంది మీద, ఎవరికి నడుస్తోందో తెలియకుండా చేసిన పరీక్షలో 24 గంటల బీపీ సుమారు 8 ఎక్కువ తగ్గింది. చిన్న పరీక్షే. కానీ కొత్తగా కోసే పని లేదు, కొత్త తీగ లేదు. మెడలో తీగ కన్నా ఇది నాకు ఎక్కువ ఆశ కలిగిస్తోంది.

ఇక డబ్బుల సంగతి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకం ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, దాన్ని నేను తక్కువ చేయను. స్టెంటు వేయించుకుని నడిచొచ్చి నా దగ్గర మందులు కొనేవాళ్లను రోజూ చూస్తున్నాను. అయితే దాని ప్రధానమైన లెక్క ఆపరేషన్లకు, ఆస్పత్రిలో చేరే జబ్బులకు. గుండెపోటు వచ్చాక స్టెంటు, కిడ్నీలు పోయాక డయాలసిస్. ఆ రెంటికీ దారితీసే బీపీని పదేళ్ల ముందు పట్టుకుని కూచోబెట్టి చూడడానికి ఒక నర్సమ్మకు ఇరవై నిమిషాల జీతం ఇచ్చే లెక్క అందులో లేదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే దేశంలో పెద్దవాళ్లలో 35 శాతానికి పైగా బీపీ ఉందని చెప్పింది. ఇంతమందికి మిషన్ కుదరదు, కుదరాల్సిన అవసరమూ లేదు.

చేయగలిగే పని ఏమిటో కూడా తెలుసు. 2017లో కేంద్రం, ఐసీఎంఆర్ కలిసి కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టిన బీపీ కార్యక్రమం పెద్ద సైన్సేమీ చేయలేదు. అందరికీ ఒకే వరస మాత్రలు, నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వడం, పేరు రాసుకుని రానివాడిని వెతకడం. మన జిల్లాలో దానికి ఒక సవరణ కావాలి. సగం ఊళ్లు పని లేని కాలంలో బెంగళూరుకో కేరళకో వలస పోతాయి. అలా పోయేవాడికి మూడు నెలల మాత్రలు ఒకేసారి చేతికివ్వాలి, ఎక్కడున్నా చూపించుకునేలా కార్డు ఇవ్వాలి. 24 గంటల బీపీ పరీక్షను ఆస్పత్రిలో చేరకుండానే, ఓపీలోనే, పథకం కింద చేయించాలి. రేపు బీపీ మిషన్‌కు పథకంలో ప్యాకేజీ పెడితే, ఆ పరీక్ష కాగితమూ, స్పైరనోలాక్టోన్ వాడి చూసిన చీటీ, లేదా ఎందుకు వాడలేదో డాక్టరు రాసిన కాగితమూ లేకుండా ఒక్క కేసు కూడా పాస్ చేయకూడదు. ఈ షరతు పెట్టకపోతే ఏమవుతుందో గర్భసంచి ఆపరేషన్ల విషయంలో మన రాష్ట్రం ఇప్పటికే చూసింది. అవసరం ఉన్నవాళ్లతోపాటు లేనివాళ్లకూ తీసేశారు.

ఈలోగా వీడియో చూపించేవాళ్లకు నేనొకటే చెబుతున్నాను. ఇంట్లో ఉన్న మందులన్నీ, చూర్ణాలూ, టానిక్‌లూ, ఆర్‌ఎంపీ ఇచ్చినవీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి, ఏదీ దాచొద్దు, డాక్టరు దగ్గరికి పోయేముందు ఇద్దరం కలిసి ఒక కాగితం మీద రాసుకుందాం. సంచి రాగానే నేను ముందు వెతికేది నొప్పుల బిళ్లలు.